తాళంచెవి ఎవరి చేతిలో? ఆటోమేటిక్ అప్‌డేట్ల చరిత్ర

మా సాంఘిక శాస్త్రం సార్ ఈ ఏడాది మాకు ఒక పని పెట్టినారు. "మీ ఇంట్లో రోజూ కనబడేది ఏదైనా ఒకటి తీసుకోండి, దాని చరిత్ర రాయండి. రాజుల చరిత్ర పుస్తకంలో ఎట్లాగూ ఉంది" అన్నారు. నా స్నేహితులు విసుర్రాయి, రేడియో, తాత గడియారం ఇట్లాంటివి ఎంచుకున్నారు. నేను ఎంచుకున్నది వస్తువు కాదు, ఒక వాక్యం. హోసూరులో మా నాయన జెరాక్స్ అంగడి నడుపుతాడు. ఆ అంగడి కంప్యూటర్ తెర మీద అప్పుడప్పుడు కనబడే వాక్యం అది: "అప్‌డేట్లు జరుగుతున్నాయి. కంప్యూటర్ ఆపకండి."

ఇదేం చరిత్ర అని మీరు నవ్వవచ్చు. కానీ ఈ వాక్యం వల్ల మా ఇంట్లో ఒక నష్టం జరిగింది. అది చెప్పి చరిత్రలోకి వస్తాను.

నేను అయిదో తరగతిలో ఉన్నప్పటి మాట. ఆ రోజు స్కాలర్‌షిప్ దరఖాస్తులకు ఆఖరి రోజు. అంగడి ముందర పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు వరుసగా నిలబడి ఉన్నారు. నాయన కంప్యూటర్ ఆన్ చేస్తే ఆ వాక్యం వచ్చింది. గంటన్నర సేపు కదల్లేదు. సగంమంది వేరే అంగడికి పోయినారు. చివరికి తెరుచుకున్నాక చూస్తే, నాయన వేళ్లకు అలవాటైన తెలుగు కీబోర్డు అమరిక మారిపోయి ఉంది. మా ఊళ్లో తెలుగులో పెళ్లిపత్రికలు టైపు చేసి ఇచ్చేవాళ్లు తక్కువ. నాయనకు అదే గుర్తింపు. ఆయనకు కోపం వచ్చింది. "నా కంప్యూటర్‌లో నన్ను అడగకుండా దూరేదానికి వీళ్లెవరు?" అని, తెలిసిన ఒకాయన చేత అప్‌డేట్లు మొత్తం నిలిపేయించినాడు.

మరుసటి ఏడాది ఒకరోజు ఫైళ్లన్నిటికీ తాళం పడింది. డబ్బు కడితేనే తెరుస్తామని తెర మీద బెదిరింపు. నాయన కట్టలేదు. ఏళ్ల తరబడి టైపు చేసిన పత్రికలు పోయినాయి. వాటితో పాటు మా తాత బతికి ఉన్నప్పుడు చెప్తూ ఉంటే నాయన రాత్రుళ్లు టైపు చేసిన మా వంశం కథ, పదహారు పేజీలు, అదీ పోయింది. మా పెద్దలు ఏ ఊరి నుంచి, ఏ కరువులో, ఎన్ని ఎద్దులతో ఈ నేలకు వచ్చినారో అందులో ఉంది. తాత ఇప్పుడు లేడు. ఎవరిని అడిగి మళ్లీ రాసేది? కంప్యూటర్ చూసిన మెకానిక్ ఒక్కటే మాట అన్నాడు: "అప్‌డేట్లు వేసి ఉంటే ఇది లోపలికి వచ్చేది కాదన్నా."

అప్పటి నుంచి నాకొక అనుమానం. తప్పు ఎవరిది? అప్‌డేట్లు ఆపిన మా నాయనదా? అడగకుండా లోపలికి వచ్చి, ఆయన ఆపేటట్టు చేసినవాళ్లదా? దీనికి జవాబు వెతుకుతూ పోతే ఒక పాతికేళ్ల చరిత్ర దొరికింది.

మొదట్లో కంప్యూటర్‌కు మరమ్మతు అంటే మనమే పోయి తెచ్చుకోవాల్సిన మందు లాంటిది. ప్రోగ్రామ్‌లో తప్పు దొరికితే కంపెనీ సరిచేసిన భాగాన్ని ఫ్లాపీలోనో సీడీలోనో ఇచ్చేది. 1998లో విండోస్ 98తో పాటు మైక్రోసాఫ్ట్ 'విండోస్ అప్‌డేట్' అనే సదుపాయం తెచ్చింది. ఇంటర్‌నెట్ ఉన్నవాళ్లు అక్కడికి పోయి తమకు కావాల్సిన మరమ్మతు తీసుకోవచ్చు. అంటే తలుపు తీసేది ఇంటాయనే. 2000లో వచ్చిన విండోస్ మిలీనియం ఎడిషన్‌లో 'ఆటోమేటిక్ అప్‌డేట్స్' మొదలైంది. ఇప్పుడు కంప్యూటరే తనంతట తాను పోయి కొత్త మరమ్మతులు ఉన్నాయా అని అడిగి తెచ్చుకుంటుంది.

ఇది కంపెనీల దురాశతో పుట్టింది అనుకున్నాను నేను. కాదు. మన అశ్రద్ధతో పెరిగింది. 2001 జూన్ 18న మైక్రోసాఫ్ట్ తన సర్వర్ ప్రోగ్రామ్‌లో ఉన్న ఒక కంతకు మరమ్మతు విడుదల చేసింది. చాలామంది వేసుకోలేదు. నెల తిరిగేసరికి, జూలై 19న, 'కోడ్ రెడ్' అనే పురుగు ఆ కంతలోనుంచే దూరి 14 గంటలలోపే 3,59,000కు పైగా కంప్యూటర్లను పట్టుకుంది. 2003లో మళ్లీ అదే కథ. జూలై 16న మరమ్మతు వచ్చింది, ఆగస్టు 11న 'బ్లాస్టర్' పురుగు వచ్చింది. రెండుసార్లూ మందు ముందుగానే ఉంది. తాగినవాళ్లు లేరు.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. మరమ్మతు బయటికి రాగానే దొంగలు దాన్ని విప్పి చూస్తారు. ఎక్కడ అతుకు వేసినారో చూస్తే కంత ఎక్కడ ఉండిందో తెలిసిపోతుంది. కాబట్టి మరమ్మతు వచ్చిన రోజు నుంచి అది వేసుకోని ప్రతి ఇల్లూ దొంగకు తెలిసిన ఇల్లే. ఆలస్యమే అపాయం. అందుకే 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం మరమ్మతులు విడుదల చేసే పద్ధతి పెట్టింది. 2004 ఆగస్టులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్, ఆటోమేటిక్ అప్‌డేట్లు పెట్టుకోమని తెర మీదే గట్టిగా చెప్పింది. 2008లో వచ్చిన గూగుల్ క్రోమ్ ఇంకొక అడుగు ముందుకు వేసి, అడగకుండా, చెప్పకుండా వెనకాల తనను తాను మార్చుకోవడం మొదలుపెట్టింది. దానివల్ల కోట్లమందికి మేలు జరిగిందనే చెప్పాలి.

ఇంతవరకూ అప్‌డేట్ మంచిదే. మరి వ్యక్తిగత గోప్యత మాట ఎక్కడ వచ్చింది?

అప్‌డేట్ జరగాలంటే మన కంప్యూటర్ కంపెనీతో మాట్లాడాలి. "నాలో ఫలానా ప్రోగ్రామ్ ఉంది, ఇది ఫలానా వెర్షన్, ఇది నా భాష" అని చెప్పాలి. చెప్పకపోతే ఏ మరమ్మతు పంపాలో వాళ్లకు తెలియదు. ఏ ఇంటర్‌నెట్ చిరునామా నుంచి అడిగామో కూడా వాళ్లకు కనబడుతుంది. వైద్యుడికి నాడి చూపించకుండా మందు రాయమంటే కుదరదు కదా, ఇదీ అంతే. ఇక్కడిదాకా న్యాయమే. కానీ నాడి చూడడానికి వచ్చినాయన బీరువా కూడా తెరిచి చూస్తే? అప్‌డేట్ అనే తలుపు మరమ్మతు కోసం పెట్టింది. ఆ తలుపులోనుంచి వేరే పనులు కూడా చేసుకోవచ్చని కంపెనీలు కనిపెట్టినాయి. నేను చదివినదాంట్లో గొడవంతా అక్కడే మొదలైంది.

2006లో మైక్రోసాఫ్ట్ ముఖ్యమైన అప్‌డేట్లతో కలిపి ఒక ప్రోగ్రామ్ పంపింది. దాని పని మరమ్మతు కాదు. మనం వాడే విండోస్ డబ్బు పెట్టి కొన్నదా, దొంగ కాపీనా అని చూడడం. అది రోజూ కంపెనీ సర్వర్‌ను పలకరిస్తోందని బయటపడింది. దొంగ కాపీలను పట్టుకోవడం కంపెనీ హక్కే కావచ్చు, కానీ దాన్ని మందు పొట్లంలో కలిపి పంపడం జనానికి నచ్చలేదు. విమర్శలు వచ్చాక కంపెనీ ఆ పద్ధతి మార్చుకుంది.

2007లో ఇంకొకటి జరిగింది. "నన్ను అడిగిన తరువాతే వెయ్యి" అని పెట్టుకున్నవాళ్ల కంప్యూటర్లలో కూడా విండోస్ అప్‌డేట్‌కు సంబంధించిన కొన్ని ఫైళ్లు అడగకుండా మారిపోయినాయి. అప్‌డేట్ తెచ్చే ప్రోగ్రామ్ తాను పాతబడిపోతే కొత్త మరమ్మతులు తేలేదు, అందుకే అట్లా చేసినాం అని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ కారణం నిజమే అయి ఉండవచ్చు. కానీ 'అడగండి' అన్న మాటకు విలువ లేకపోతే మనిషి ఏమనుకుంటాడు? మా నాయన అనుకున్నదే అనుకుంటాడు.

2009 జూలైలో జరిగినది మాలాంటి విద్యార్థులకు బాగా అర్థమవుతుంది. అమెజాన్ కంపెనీ కిండిల్ అనే పుస్తకాల పలకలోనుంచి జార్జ్ ఆర్వెల్ రాసిన రెండు నవలలు, '1984', 'యానిమల్ ఫామ్', కొన్నవాళ్ల పలకల్లోనుంచే మాయమైనాయి. ఆ ప్రతులు అమ్మినవాళ్లకు అమ్మే హక్కు లేదని తెలిసి కంపెనీ దూరం నుంచే వాటిని చెరిపేసి డబ్బు వాపసు ఇచ్చింది. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో ఒక పదిహేడేళ్ల విద్యార్థి ఆ పుస్తకం చదువుతూ బడి కోసం నోట్సు రాసుకున్నాడు. పుస్తకమే పోయేసరికి ఆ నోట్సు ఎందుకూ పనికి రాకుండా పోయింది. అతను కోర్టుకు పోయినాడు. కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పినారు. చివరికి కంపెనీ 1,50,000 డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. ఇది అప్‌డేట్ కాదు గానీ, అదే తలుపు. పంపగలిగినవాడు తీసుకుపోగలడు కూడా. ఇది చదివినప్పుడు నాకు మా తాత పదహారు పేజీలు గుర్తుకొచ్చినాయి.

2015 జూలైలో విండోస్ 10 వచ్చింది. ఇళ్లలో వాడే రకంలో అప్‌డేట్లు వద్దు అని చెప్పే వీలే సరిగ్గా ఉంచలేదు. కంప్యూటర్ ఎట్లా నడుస్తోందో కంపెనీకి పంపే సమాచారాన్ని తగ్గించుకోవచ్చు గానీ పూర్తిగా ఆపలేము. ఫ్రాన్స్ దేశపు సమాచార రక్షణ సంస్థ సీఎన్ఐఎల్ 2016లో దీని మీద నోటీసు ఇచ్చింది. అవసరానికి మించి సమాచారం తీసుకుంటున్నారు, అనుమతి లేకుండా ప్రకటనల కోసం జాడ చూస్తున్నారు అన్నది దాని ఆక్షేపణ. మైక్రోసాఫ్ట్ తీసుకునే సమాచారాన్ని తగ్గించి, వాడేవాళ్లకు ఎంపికలు ఇచ్చాక 2017లో ఆ నోటీసు ముగిసింది. అడిగేవాళ్లు ఉంటే కంపెనీలు మారతాయి అని దీనివల్ల తెలుస్తుంది.

ఆపిల్ కథ ఇంకొక రకం. 2017లో వచ్చిన ఒక అప్‌డేట్ తరువాత బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు నెమ్మదించినాయి. ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండాలని అట్లా చేసినాం అని కంపెనీ ఆ ఏడాది డిసెంబరులో ఒప్పుకుంది. కారణం చెడ్డది కాదు. కానీ ముందు చెప్పలేదు. కొత్త ఫోన్ కొనిపించడానికే ఇట్లా చేసినారని జనం అనుకున్నారు. చెప్పనందుకే 2020లో ఫ్రాన్స్ 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఇట్లా ఒక్కొక్కటీ జరిగినప్పుడల్లా కొంతమంది మా నాయన చేసిన పనే చేసినారు, అప్‌డేట్లు ఆపేసినారు. దాని ఫలితం 2017 మే 12న కనబడింది. 'వనాక్రై' అనే బెదిరింపు పురుగు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్ల ఫైళ్లకు తాళం వేసింది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. మన పక్క ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడినాయి. దానికి మరమ్మతు మార్చి 14నే వచ్చింది. రెండు నెలల గడువు. అయినా వేసుకోనివాళ్లు లక్షల్లో ఉన్నారు. అందరూ కోపంతో ఆపినవాళ్లే అని చెప్పను. బద్ధకం ఉంది, దొంగ కాపీలు ఉన్నాయి, ఇంటర్‌నెట్ ఖర్చు ఉంది. కానీ కోపంతో, అనుమానంతో ఆపినవాళ్లూ ఉన్నారని మా ఇంటి అనుభవంతో చెప్పగలను.

అదే ఏడాది జూన్ 27న ఇంకా భయంకరమైనది జరిగింది. ఉక్రెయిన్‌లో పన్నుల లెక్కలకు వాడే ఎం.ఇ.డాక్ అనే ప్రోగ్రామ్ అప్‌డేట్‌లోనే దొంగలు 'నాట్‌పెట్యా' పురుగును పెట్టి పంపినారు. క్రమం తప్పకుండా అప్‌డేట్లు వేసుకున్నవాళ్లే మునిగినారు. 2020లో సోలార్‌విండ్స్ అనే కంపెనీ అప్‌డేట్ ద్వారా దాదాపు 18,000 సంస్థల దాకా చెడ్డ ప్రోగ్రామ్ చేరింది. అందులో అమెరికా ప్రభుత్వ శాఖలు కూడా ఉన్నాయి. కంచే చేను మేస్తే అని పెద్దలు చెప్పే సామెత ఇదే.

మరి అప్‌డేట్ నిజమైనదే అని మన ఫోన్‌కు ఎట్లా తెలుస్తుంది? ప్రతి అప్‌డేట్ మీద కంపెనీ 'డిజిటల్ సంతకం' ఉంటుంది. ఆ సంతకం సరిపోతేనే ఫోన్ ఒప్పుకుంటుంది. ఆ సంతకం చేసే రహస్య తాళంచెవి కంపెనీ దగ్గర ఉంటుంది. 2016 ఫిబ్రవరిలో అమెరికా పోలీసు సంస్థ ఎఫ్‌బీఐ, కాల్పులు జరిపిన ఒకడి ఐఫోన్ తెరవడానికి రక్షణలు తగ్గించిన ప్రత్యేక సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇమ్మని ఆపిల్‌కు కోర్టు ఉత్తర్వు తెచ్చింది. ఆపిల్ ఒప్పుకోలేదు. ఒకసారి అట్లాంటిది తయారైతే ఎవరి ఫోన్ మీదైనా వాడమని అడుగుతారు అన్నది ఆ కంపెనీ వాదన. వేరే దారిలో ఫోన్ తెరుచుకోవడంతో ఎఫ్‌బీఐ మార్చిలో కేసు వెనక్కి తీసుకుంది. హంతకుడి ఫోన్ తెరవాలన్నది న్యాయమే, మిగిలిన కోట్లమంది తలుపులు గట్టిగా ఉండాలన్నదీ న్యాయమే. ఎవరిది ఒప్పు అని నేను తేల్చలేను. కానీ తాళంచెవి ఎంత పెద్దదో ఆ కేసుతో లోకానికి తెలిసింది.

మన దేశంలో ఈ మాట 2017 ఆగస్టు 24న గట్టిగా పలికింది. మా హోసూరుకు పక్కనే ఉన్న బెంగళూరులో ఉండిన విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో, సుప్రీం కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చినారు.

ఏడాది తిరగకముందే, 2018 ఆగస్టులో, దేశమంతా చాలామంది ఫోన్లలో ఆధార్ సంస్థ పాత సహాయ నంబరు కనబడింది. వాళ్లెవరూ దాన్ని రాసుకోలేదు. ఆధార్ సంస్థ మేం పెట్టించలేదు అంది. 2014లో భారతదేశానికి ఇచ్చిన ఆండ్రాయిడ్ మొదటి అమరికలో ఆ నంబరు పొరపాటున చేరిందని గూగుల్ ఒప్పుకుంది. ఫోన్లలోనుంచి ఏ సమాచారమూ పోలేదు. ఉత్త నంబరే. అయినా జనం ఎందుకు భయపడినారు? మన ఇంట్లో మనం పెట్టని చెంబు కనబడితే, చెంబు ఖరీదు గురించి ఆలోచిస్తామా? ఎవరు వచ్చి పోయినారు అని ఆలోచిస్తాము.

ఇంత చదివినాక నా అనుమానానికి నాకు దొరికిన జవాబు ఇది. అప్‌డేట్లు ఆపడం మా నాయన తప్పే. దానికి ఆయన ఇచ్చుకున్న మూల్యం మా తాత మాటలు. కానీ ఆయనను ఆ తప్పుకు తోసింది అడగకపోవడం, చెప్పకపోవడం. భద్రత కావాలంటే గోప్యత వదులుకోవాలి అని కొందరు అంటారు. చరిత్ర నాకు అట్లా కనబడలేదు. గోప్యతను గౌరవించని ప్రతిసారీ కొందరి నమ్మకం పోయింది, నమ్మకం పోయినవాళ్లు తలుపు మూసుకున్నారు, మూసుకున్నవాళ్ల ఇళ్లలోనే దొంగలు పడినారు. కాబట్టి మరమ్మతును మరమ్మతుగానే పంపాలి. కొత్త ప్రకటనలు, కొత్త సమాచార సేకరణ దాంట్లో కలపకూడదు. వాటికి వేరే అడగాలి.

అడిగేది కూడా ఎట్లా అడగాలి? మా అవ్వ ఫోన్‌లో ఏదైనా ఇంగ్లీషులో వస్తే ఆమె కింద ఉన్న నీలం బొత్తాం నొక్కేస్తుంది. "ఏమని ఒప్పుకున్నావవ్వా?" అంటే, "ఏమోరా, నొక్కితే పోతుంది, నొక్కకుంటే పోదు" అంటుంది. మేము ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బస్సులో కన్నడం మాట్లాడేవాళ్లం. అవ్వకు చదవడం వచ్చింది తెలుగు ఒక్కటే. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఒక మాట ఉంది. మన సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. ఆ 22 భాషల్లో మన తెలుగు ఉంది. ఏ రాష్ట్రంలో ఉంటున్నాం అన్నది అందులో లెక్క కాదు. తమిళనాట ఉన్న మా అవ్వకూ ఆ హక్కు ఉంది. ఆ మాట చట్టం పుస్తకంలోనుంచి అవ్వ ఫోన్ తెర మీదికి రావాలి. అర్థం కాని భాషలో 'సరే' అంటే అది సరే కాదు.

ఇప్పుడు అంగడి కంప్యూటర్‌లో అప్‌డేట్లు ఆన్‌లోనే ఉన్నాయి. అంగడి మూసిన తరువాతే జరిగేటట్టు సమయం పెట్టినాను. ప్రతి శనివారం ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కిస్తాను. అప్‌డేట్ వచ్చిన మరుసటి రోజు సెట్టింగులు తెరిచి, ఏమి మారింది, ఏ అనుమతి కొత్తగా ఆన్ అయింది అని నాయనా నేనూ కలిసి చూస్తాము. పది నిమిషాల పని. మీ ఇళ్లలో కూడా చెయ్యండి.

తాత కథను మళ్లీ రాస్తున్నాము. అవ్వకు గుర్తున్నంత అవ్వ చెప్తుంది, నేను రాస్తాను. ఇప్పటికి నాలుగు పేజీలు అయింది. ఎద్దులు ఎన్ని అన్నది మాత్రం అవ్వకు గుర్తు లేదు.